స్వతంత్ర సంఘంలోకి లిటర్జీ తేవచ్చా? తెస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది హైదరాబాద్ శివార్లలో ఒక స్వతంత్ర సంఘం, అంటే ఏ డినామినేషన్ (పెద్ద చర్చి వ్యవస్థ) కిందా లేనిది. నూట యాభై మంది దాకా వస్తారు, ఎక్కువగా ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు. ఆదివారం అంటే నలభై నిమిషాలు పాటలు, గంటకు పైగా వాక్యం. బెంగళూరులో ఉన్నప్పుడు మీరు కొన్నాళ్లు ఒక సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చికి వెళ్లారు. అక్కడ అందరూ ఒక్క గొంతుతో చేసే పాపపు ఒప్పుకోలు, వరుసగా చదివే బైబిలు భాగాలు మీ మనసుకు పట్టాయి. వాటిని, అంటే లిటర్జీని (అందరూ కలిసి పలికే స్థిరమైన ఆరాధన క్రమాన్ని), మీ సంఘంలోకి తేవాలని ఉంది. పెద్దలేమో "అది క్యాథలిక్ పద్ధతి, ఆత్మను ఆర్పడమే" అంటున్నారు. ఏం చేయాలి అని అడిగారు.

తేవచ్చు. కాకపోతే సంఘం నోటికి పని చెప్పేవాటితో మొదలుపెట్టండి, కంటికి కనిపించేవాటితో కాదు. బైబిలు పఠనం, కలిసి చేసే ఒప్పుకోలు, లోకం కోసం విజ్ఞాపనలు, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) దగ్గర ప్రార్థన. ఈ నాలుగూ కుదురుకునేదాకా కొవ్వొత్తులు, అంగీలు, బూడిద జోలికి పోవద్దు. నాలుగూ ఒకేసారి కూడా వద్దు. ఇంకో మాట, మీ పాస్టరు గారికి మనస్ఫూర్తిగా ఇష్టం లేకపోతే అసలు మొదలే పెట్టకండి. ఆయన్ని పక్కనపెట్టి వర్షిప్ టీమ్ తెచ్చిన లిటర్జీ నాకు తెలిసి ఎక్కడా నిలబడలేదు.

నేను సి.ఎస్.ఐ. మెదక్ డయాసిస్‌లో ఒక పల్లె సంఘంలో పెరిగాను. పెళ్లయ్యాక స్వతంత్ర సంఘంలోకి వచ్చాను, ఇక్కడ ఆరాధన క్రమం చూసుకునే బాధ్యత చాలా ఏళ్లుగా నా మీదే ఉంది. అడిగిన సంఘాలకు వెళ్లి, వాళ్ల పెద్దలతో కూర్చుని క్రమం రాసిపెడుతుంటాను. రెండు వైపులా తిన్నవాడి మాటలుగా చదవండి.

ముందు మీ పెద్దల అభ్యంతరం చూద్దాం. అది దాటకపోతే మిగతాదంతా దండగ.

"క్యాథలిక్ పద్ధతి" అన్నారు కదా, వాళ్లను మెల్లగా ఒకటి అడగండి. మంచి శుక్రవారం మీ సంఘంలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు వాక్యం చెబుతారా? మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా? తెలుగు నాట పెంతెకొస్తు వాళ్లు, బాప్టిస్టులు, స్వతంత్రులు, దాదాపు అందరూ చేస్తారు. ఆ మూడు గంటల ఆరాధనను 17వ శతాబ్దం చివర పెరూ దేశంలోని లీమా నగరంలో మొదలుపెట్టింది జెస్యూట్ అనే క్యాథలిక్ సన్యాస సభకు చెందిన ఒక గురువు, అల్ఫోన్సో మెస్సియా. అంతకంటే క్యాథలిక్ పద్ధతి ఇంకేం కావాలి! అయినా దాన్ని మనం పరాయిదిగా చూడట్లేదు, ఎందుకంటే అందులో ఉన్నది సిలువ వాక్యం. అలాగే అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలం) దండ, నాలుగు కొవ్వొత్తులు అనగానే పోపు గారు గుర్తొస్తారు కానీ, దాన్ని 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో పేద పిల్లల కోసం తయారుచేసింది వికెర్న్ అనే లూథరన్ పాస్టరు. మనం క్యాథలిక్ అనుకునేది ప్రొటెస్టెంటుది కావచ్చు, మనదనుకునేది జెస్యూట్‌ది కావచ్చు. ఎవరిది అని కాదు, వాక్యానికి తగినదా, సంఘానికి క్షేమాభివృద్ధి కలిగిస్తుందా అని అడగాలి.

ప్రొటెస్టెంటు సంఘాలకు పునాది వేసిన 16వ శతాబ్దపు సంస్కర్తలు పోపును కాదన్నారు కానీ క్రమాన్ని కాదనలేదు. లూథర్ 1523లో లాటిన్‌లో, 1526లో జర్మన్‌లో ఆరాధన క్రమాలు వేశాడు. కాల్విన్ 1542లో జెనీవా సంఘానికి ఇచ్చిన క్రమం "యెహోవా నామమువలననే మనకు సహాయము" అనే 124వ కీర్తన మాటతో మొదలై, వెంటనే పాపపు ఒప్పుకోలులోకి వెళ్తుంది. ఆయన ప్రభువు బల్ల ప్రతి వారం ఉండాలన్నాడు. నగర మండలి ఒప్పుకోక ఏడాదికి నాలుగుసార్లకు దించింది. క్రాన్మర్ 1549లో ఇంగ్లిషు ప్రార్థనా పుస్తకం తెచ్చాడు. వీళ్లలో ఎవరినీ మీ పెద్దలు క్యాథలిక్కులు అనరు.

ఇంకా వెనక్కి వెళ్తే, సుమారు క్రీ.శ. 155లో రోమ్‌లో జస్టిన్ మార్టిర్ చక్రవర్తికి రాసిన విజ్ఞాపనలో ఆదివారం కూడిక ఎలా జరిగేదో చెప్పాడు. అపొస్తలుల జ్ఞాపకాలు గానీ ప్రవక్తల రాతలు గానీ సమయం ఉన్నంతసేపు చదివేవారు. తర్వాత నడిపించేవాడు హెచ్చరిక చెప్పేవాడు. అందరూ లేచి ప్రార్థించేవారు. రొట్టె, ద్రాక్షారసం తెచ్చాక నడిపించేవాడు తనకు శక్తి ఉన్నంతగా కృతజ్ఞతా ప్రార్థన చేసేవాడు, జనం "ఆమేన్" అనేవారు. రానివాళ్లకు పరిచారకులు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేవారు. కానుక అనాథలకు, విధవరాళ్లకు, జబ్బుపడినవాళ్లకు, చెరసాలలో ఉన్నవాళ్లకు వెళ్లేది. ఈ ఒక్క పేరా పెద్దల కూడికలో చదివి వినిపించండి, చాలు. ఇందులో క్రమమూ ఉంది, "తనకు శక్తి ఉన్నంతగా" చేసే స్వేచ్ఛా ప్రార్థనా ఉంది.

అయితే వాళ్ల భయంలో నిజం లేదని మాత్రం అనకండి. మన స్వతంత్ర సంఘాల్లో పెద్ద వయసు వాళ్లు చాలామంది డినామినేషన్లు వదిలి వచ్చినవాళ్లు. గడియారం చూస్తూ పుస్తకం చదివే అయ్యగారినీ, కిటికీలోంచి బయటికి చూస్తూ జవాబులు చెప్పే జనాన్నీ వాళ్లు కళ్లారా చూశారు, నేనూ చూశాను. రక్షణానుభవం వాళ్లకు ఆ పుస్తకం బయటే దొరికింది. అలాంటి మనిషి ముందుకు మీరు అదే పుస్తకం పట్టుకొస్తే ఆయనకు గుండె గుభేల్‌మంటుంది, అది సహజం. పైగా అమెరికాలో ఈ దారిలో నడిచిన కొందరు సువార్తిక నాయకులు చివరికి సంఘాలే మారారు. విద్యార్థుల మధ్య సువార్త పనిచేసే క్యాంపస్ క్రూసేడ్‌లో ఉన్న పీటర్ గిల్‌క్విస్ట్, ఆయన తోటివాళ్లు 1987లో ఆర్థడాక్స్ సంఘంలో చేరారు. వీట్‌టన్ కాలేజీలో బోధించిన రాబర్ట్ వెబర్ లాంటివాళ్లు 1977లో షికాగోలో కూడి, సువార్తిక సంఘాలు తొలి శతాబ్దాల ఆరాధన వైపు మళ్లాలని పిలుపిచ్చారు. ఆ పిలుపు విని తమ సంఘాల్లోనే ఉండి మార్పు తెచ్చినవాళ్లూ ఉన్నారు. మీరు ఎటు నడుస్తున్నారో పెద్దలకు ముందే చెప్పండి. దాచిపెడితే అనుమానం పెరుగుతుంది.

"రాసిన ప్రార్థన ఆత్మను ఆర్పుతుంది" అన్నదానికి నాదొక ప్రశ్న. మీ సంఘంలో ప్రార్థన చేసే నలుగురు పెద్దల పేర్లు అనుకోండి. ఒక్కొక్కరూ ఏ మాటతో మొదలుపెడతారో, మధ్యలో ఏం అంటారో, ఎక్కడ గొంతు పెంచుతారో మీకు తెలీదూ? మా సంఘంలో పిల్లలు కూడా అనుకరించి చూపిస్తారు. రాయని ప్రార్థనకూ ఒక క్రమం పడిపోతుంది. రాసింది కాదు కాబట్టి దాన్ని ఎవరూ సరిదిద్దలేరు, అంతే తేడా. ఆఖరి దీవెన చూడండి, "ప్రభువైన యేసుక్రీస్తు కృపయు, దేవుని ప్రేమయు, పరిశుద్ధాత్మ సహవాసమును..." అని ప్రతి వారం అవే మాటలు. విసుగొచ్చిందని ఎవరైనా అన్నారా?

ఇక పని దగ్గరికి.

బైబిలు పఠనంతో మొదలుపెట్టండి. దీన్ని కాదనే ధైర్యం ఏ పెద్దకీ ఉండదు. "చదువుటయందును, హెచ్చరించుటయందును, బోధించుటయందును జాగ్రత్తగా ఉండుము" అని పౌలు తిమోతికి రాసినదాంట్లో చదవడం వేరు, బోధించడం వేరు. మనం బైబిలు సంఘాలమని చెప్పుకుంటాం కానీ, ప్రసంగీకుడు ఎంచుకున్న రెండు మూడు వచనాలు తప్ప ఆదివారం బైబిలు చదవడమే ఉండదు. నా మాట నమ్మకపోతే నాలుగు వారాలు లెక్కపెట్టి చూడండి. పాత నిబంధన నుంచి ఒక భాగం, ఒక కీర్తన, సువార్త నుంచి ఒక భాగం పెట్టండి. పది నిమిషాలు చాలు. ఏది చదవాలో మీరే ఎంచుకుంటే మళ్లీ మనకిష్టమైన అధ్యాయాలే తిరుగుతుంటాయి కాబట్టి, ఏదైనా లెక్షనరీ (ఏ ఆదివారం ఏ భాగం చదవాలో చెప్పే పట్టిక) పట్టుకోండి. 1992లో వచ్చిన ఉమ్మడి లెక్షనరీ మూడేళ్ల చక్రం. ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా, యోహాను మూడేళ్లలోనూ కలిసి వస్తుంది. సి.ఎస్.ఐ. వాళ్ల ఆల్మనాక్‌లో ప్రతి ఆదివారానికీ ఒక అంశం, దానికి తగ్గ భాగాలు ఉంటాయి, అదైనా సరే. పాస్టరు గారు దాన్నిబట్టే ప్రసంగించాలని పట్టుబట్టకండి. ఆయన వరుస ఆయనది.

చదివేవాళ్లను ముందు వారమే నియమించి, ఇంట్లో కనీసం నాలుగుసార్లు గట్టిగా చదువుకుని రమ్మనండి. మన పాత బైబిలు అనువాదంలో వాక్యాలు పొడుగు, క్రియ ఎక్కడో చివర ఉంటుంది. ముందు చూసుకోనివాడు "చేసియున్నందున" దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటాడు, అర్థం అక్కడే తెగిపోతుంది. అన్నట్టు, ఆడవాళ్ల చేత చదివించండి. మా దగ్గర ఒక స్కూల్ టీచరమ్మ యెషయా 53 చదివిన తీరుకు, ఆ తర్వాత ప్రసంగించాల్సిన మా పాస్టరు గారు "ఇంక నేనేం చెప్పాలమ్మా" అన్నారు.

సంఘమంతా కలిసి పలకడం అలవాటు చేయాలంటే 136వ కీర్తన తీసుకోండి. ఒకరు మొదటి సగం చదువుతారు, అందరూ "ఆయన కృప నిరంతరముండును" అంటారు. ఇరవై ఆరు వచనాలు, ఐదు నిమిషాలు కూడా పట్టదు. చదువు రానివాళ్లకు కూడా మూడో వచనానికి నోటికి వచ్చేస్తుంది. ఇది క్యాథలిక్ అని ఎవరంటారు? దావీదు గాయకుల కాలం నుంచీ ఉన్న పల్లవి అది.

రెండోది ఒప్పుకోలు. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎక్కువ ఫలమూ ఇక్కడే ఉంది. మన పాటలన్నీ విజయంతో మొదలై విజయంతో ముగుస్తున్నాయి. శనివారం రాత్రి భార్యతో గొడవపడి వచ్చినవాడికి ఆ నలభై నిమిషాల్లో నిలబడే చోటు లేదు. చేతులెత్తి నటించాలి, లేదా వెనక కుర్చీలో ఫోను చూసుకోవాలి.

పాత పుస్తకంలోని ఒప్పుకోలును ఉన్నదున్నట్టు తేకండి. గ్రాంథికం పెద్దవాళ్లకు తీపి, మీ సంఘంలో ఇంటర్ చదివే పిల్లలకు అడ్డుగోడ. మేం రాసుకున్నది ఇది, కావాలంటే వాడుకోండి, మార్చుకోండి:

*దయగల తండ్రీ,*
*చేయకూడనివి చేశాం, చేయవలసినవి వదిలేశాం.*
*మాటలతో గాయపరిచాం, మాట్లాడాల్సిన చోట తప్పించుకున్నాం.*
*మా ఇంటివాళ్ల మీదే కోపం చూపాం.*
*డబ్బు విషయంలో నీకంటే మా తెలివినే నమ్మాం.*
*మమ్మల్ని క్షమించు.*
*నీ కుమారుడైన యేసు రక్తంతో మమ్మల్ని కడుగు.*
*నీ ఆత్మతో మమ్మల్ని నిలబెట్టు. ఆమేన్.*

గమనించండి, ఏ వరుసా ఒక్క ఊపిరికి మించదు. అందరూ కలిసి పలికే తెలుగుకు అదే కొలత. దీనికి ముందు ఒక నిమిషం నిశ్శబ్దం ఇవ్వండి, నిజంగా ఒక నిమిషం. కీబోర్డు వాయించే తమ్ముడు ఆ నిమిషం ప్యాడ్ సౌండ్ ఆపాలి, ఆపడానికి ఒప్పుకోడు, ముందే చెప్పి ఉంచండి. మొదటి వారాల్లో జనం దగ్గుతారు, ఎవరో ఒకరు "స్తోత్రం" అని నిశ్శబ్దాన్ని పూడుస్తారు. ఫర్వాలేదు. నడిపించేవాళ్లు మొదటి మాట అందించి మైకు పక్కకు తీయాలి. మైకులో ఒక్కడి గొంతే వినిపిస్తుంటే జనం పలకరు, వింటారు.

ఒప్పుకోలు అయ్యాక క్షమాపణ మాట తప్పకుండా రావాలి. లేకపోతే జనాన్ని బురదలో దింపి వదిలేసినట్టే. "నేను మిమ్మల్ని క్షమిస్తున్నాను" అనే రకం మాటలు మన సంఘాల్లో పెట్టకండి, ఆ ఒక్క వాక్యంతో మీ ప్రయత్నం ఆగిపోతుంది. 1 యోహాను 1:9 చదవండి. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక..." వాక్యమే క్షమాపణ ప్రకటిస్తుంది, దానికి వంక పెట్టేవాడుండడు. ఆ వెంటనే పాటలోకి వెళ్లండి. అదే పాట అంతకుముందు కంటే వేరేగా వినపడుతుంది.

విజ్ఞాపనలు సులువు. మన సంఘాల్లో ప్రార్థన మనవులు ఎక్కువగా మనవాళ్ల జబ్బులు, వీసాలు, ప్రమోషన్ల చుట్టూ తిరుగుతాయి. తప్పని కాదు. కానీ రాజుల కొరకు, అధికారుల కొరకు, మనుష్యులందరి కొరకు ప్రార్థించమని తిమోతి పత్రికలోనే ఉంది. నాలుగు గదులు చేసుకోండి: సంఘం, దేశం, కష్టంలో ఉన్నవాళ్లు, మన ఊరు. ఒక్కో గదికి ఒక్కొక్కరు రెండేసి వాక్యాలు సొంత మాటల్లో ప్రార్థించి "ప్రభువా, నీ దయతో" అనగానే, అందరూ "మా ప్రార్థన ఆలకించు" అనాలి. గల్ఫ్‌లో ఉన్న భర్తలు, వానలు పడని మండలాలు, టెన్త్ పరీక్షలు, కొత్తగా వచ్చిన కలెక్టరు, అన్నీ ఇందులో పడతాయి. చట్రం స్థిరం, లోపలి మాటలు స్వేచ్ఛ. మీ పెద్దలు కోరుకునే స్వేచ్ఛా ప్రార్థన ఎక్కడికీ పోలేదని వాళ్లకు ఇక్కడ కనిపిస్తుంది. నిజానికి, లిటర్జీని అనుమానించే పెద్దల చేతికే మొదట ఈ భాగం ఇవ్వండి.

ప్రభువు బల్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మీ దగ్గర నెలకొకసారి, మొదటి ఆదివారం అనుకుంటాను. మన తెలుగు సంఘాల్లో అది ఎలా జరుగుతుందో మీకు తెలుసు. ప్రసంగం లాగీ లాగీ పన్నెండున్నర అవుతుంది, అప్పుడు 1 కొరింథీ 11 చదివి, "అయోగ్యముగా" అనే మాట మీద గట్టి హెచ్చరిక చేసి, హడావిడిగా రొట్టె, చిన్న కప్పులు పంచుతారు. ఫలితంగా సగం మంది భయంతో తీసుకుంటారు, కొందరు భయంతో మానేస్తారు. బల్ల దగ్గర భయం మిగిలి, కృతజ్ఞత పోయింది.

ఇక్కడ విచిత్రం ఏంటంటే, లిటర్జీ అంటేనే పడని బ్రదరన్ సహవాసాలు ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాయి. 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు గోదావరి డెల్టాలోని నర్సాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టినప్పటి పరంపర అది. భక్త్ సింగ్ గారి సహవాసాల్లో కూడా బల్ల చుట్టూ జరిగే ఆరాధనే గుండెకాయ. మీ పెద్దల్లో ఎవరైనా ఆ నేపథ్యం వాళ్లుంటే మీకు ఆయనే మొదటి స్నేహితుడు. ఆయనకు పుస్తకం నచ్చదు కానీ బల్ల విలువ తెలుసు.

మార్చాల్సింది మూడు. ఒప్పుకోలు బల్లకు ముందు రావాలి, అప్పుడు "అయోగ్యముగా" అన్న భయానికి సువార్తలోనే జవాబు దొరుకుతుంది. రెండోది, రొట్టె పంచేముందు నిజమైన కృతజ్ఞతా ప్రార్థన ఉండాలి. "మీ హృదయాలను పైకెత్తండి" అని నడిపించేవారు అంటే, "ప్రభువు దగ్గరికి ఎత్తుతున్నాం" అని జనం అంటారు. ఈ మాటలు 3వ శతాబ్దపు కార్తేజి బిషప్ సిప్రియన్ రాతల్లోనే కనిపిస్తాయి. తర్వాత సృష్టి, సిలువ, పునరుత్థానం, రాకడ, వీటిని తలచుకుంటూ పాస్టరు గారు సొంత మాటల్లో కృతజ్ఞత చెప్పొచ్చు. చివర ప్రభువు ప్రార్థన అందరూ కలిసి. మూడోది, ఆ వారం ప్రసంగం పావుగంట తగ్గించాలి. ఈ మూడోదానికి పాస్టరు గారిని ఒప్పించడమే అసలు లిటర్జీ సంస్కరణ, మిగతాదంతా తేలిక!

ఒకరికొకరు సమాధానం (శాంతి) చెప్పుకోవడం కూడా ఇక్కడే పెట్టొచ్చు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. అయ్యాక, 1950లో వాళ్లు తయారుచేసుకున్న ప్రభురాత్రి భోజన క్రమంలో కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర నుంచి ఒకటి తీసుకున్నారు. సమాధానాన్ని రెండు చేతుల మధ్య చేతులు పెట్టి పక్కవారికి అందించడం. ఇతర దేశాల సంఘాలు కూడా ఆ క్రమం చూసి నేర్చుకున్నాయి. అంటే లిటర్జీ పశ్చిమం నుంచి అరువు తెచ్చుకునేదే కాదు, మన దక్షిణం నుంచి అటు వెళ్లింది కూడా. మీ సంఘంలో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చుంటే ఎవరి వైపు వాళ్లు చేతులు కలుపుకుంటారు, లేదా చేతులు జోడించి "ప్రభువు సమాధానం మీకు తోడై ఉండును గాక" అంటారు. ఇబ్బందేం లేదు. పలకరింపులు, కబుర్లు మొదలై పది నిమిషాలు తినేస్తే మాత్రం పాటతో ఆపేయండి.

విశ్వాస ప్రమాణం (మనం నమ్మేది ఏంటో అందరూ కలిసి పలికే మాటలు) గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. నేనైతే మొదటి ఏడాది పెట్టను. అపొస్తలుల విశ్వాస ప్రమాణం చిన్నదే కానీ, పలికించాలంటే ముందు బోధించాలి. "పాతాళంలోకి దిగాడు" అనే భావం దగ్గర ప్రశ్నలొస్తాయి. ఇంకా పెద్దది, త్రిత్వం. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కాదు, యేసు ఒక్కడే అని చెప్పే బోధ విని వచ్చినవాళ్లు మీ కుర్చీల్లో ఉన్నారు, మీకు తెలీకపోవచ్చు. మేం సహాయం చేసిన ఒక సంఘంలో ప్రమాణం మొదలుపెట్టిన నెలలోనే ఈ సంగతి బయటపడింది, రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి. ఆ పాస్టరు గారు నొచ్చుకున్నారు కానీ, అది ప్రమాణం తెచ్చిన చీలిక కాదు, అప్పటిదాకా కప్పబడి ఉన్నది. బుధవారం బైబిలు స్టడీలో ఒక్కో వాక్యం ఒక్కో వారం బోధించి, తర్వాత బాప్తిస్మం రోజుల్లో మాత్రమే పలికించండి. బాప్తిస్మం తీసుకునేవాళ్లను ప్రశ్నలుగా అడిగితే ఇంకా బాగుంటుంది.

బాప్తిస్మం అంటే గుర్తొచ్చింది. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్, పల్లెల్లో బాప్తిస్మం పొందినవాళ్ల చేతిని వాళ్ల తల మీదే పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని పలికించేవారు. ఒక్క వాక్యం, ఒక్క సైగ. ఆ జనంలో ఎక్కువమందికి అక్షరం రాదు. లిటర్జీ సువార్త పనికి అడ్డమని ఎవరైనా అంటే ఈ ఒక్కటి చెప్పండి. దీన్ని మేం ఉన్నదున్నట్టు వాడుతున్నాం.

ఇక సంఘ పంచాంగం. మంచి శుక్రవారం, ఈస్టరు, డిసెంబరు 31 రాత్రి కూడిక మీకు ఉన్నవే. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులు ఉపవాస ప్రార్థనలు ఇప్పుడు చాలా స్వతంత్ర సంఘాల్లో కూడా జరుగుతున్నాయి. మట్టల ఆదివారం పిల్లలకు ఎలాగూ ఇష్టం. కొత్తగా చేర్చదగ్గవి పెంతెకొస్తు ఆదివారం (పెంతెకొస్తు సంఘాలే దాన్ని మర్చిపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే), ఆరోహణ దినం. అడ్వెంట్ మాత్రం మన దగ్గర కుదరడం కష్టం. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, కేకులు, స్టార్లు, ఆఫీసు క్రిస్మస్‌లు. రాకడ కోసం కనిపెట్టుకుని మౌనంగా ఉండండి అంటే ఎవరు వింటారు? పోరాడకండి. ఆ నాలుగు ఆదివారాలు పాత నిబంధన పఠనం ప్రవక్తల నుంచి పెట్టండి, ఒక పాట రెండో రాకడ మీద పాడండి. పాటలకు వెతుక్కోనక్కర్లేదు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే జననం, శ్రమ, పునరుత్థానం అని కాలాలవారీగానే ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు గిటారుతో కూడా బాగుంటాయి, రాగం మాత్రం మార్చకండి, అమ్మమ్మలు ఊరుకోరు.

శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నాడు నుదుటికి పెట్టే బూడిద గురించి నా అభిప్రాయం నిక్కచ్చిగా చెప్తాను: వద్దు. పశ్చాత్తాపం కావాలి, బూడిద అక్కర్లేదు. ఆ రోజు చదివే మత్తయి 6లోనే ఉపవాసం మనుషులకు కనబడనియ్యొద్దని ఉంది. పైగా మన ఊళ్లలో నుదుటి మీద బూడిద అంటే వీధిలో వాళ్లకు వేరే అర్థం. హిందూ కుటుంబం నుంచి వచ్చి, ఇంట్లో గొడవలు పడి, బొట్టూ విభూతీ మానేసిన చెల్లెమ్మను మీరు మళ్లీ నుదురు చూపించమని అడుగుతున్నారు. ఆమెకు అది చిన్న విషయం కాదు. అంగీ, స్టోల్ (పాస్టర్లు మెడలో వేసుకునే పట్టీ) కూడా అంతే, మీ పాస్టరు గారు తెల్ల చొక్కాలో బాగానే ఉన్నారు. ఒక సంఘంలో కుర్రాళ్లు ఇంటర్నెట్‌లో చూసి ఒకే ఈస్టరుకు కొవ్వొత్తులు, ధూపం, అంగీ, ఊరేగింపు అన్నీ తెచ్చారు. ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. తర్వాతి నెల పెద్దలు అన్నిటితోపాటు బైబిలు పఠనాన్ని కూడా ఆపేశారు.

చదువు రాని పెద్దవాళ్ల సంగతి మర్చిపోకండి. అంతా తెర మీద పెడితే వాళ్లు సగం ఆరాధనకు బయట ఉంటారు. అందుకే జనం పలికే మాటలు చిన్నవిగా, నెలల తరబడి మారకుండా ఉండాలి. మా పల్లెలో సంతకం కూడా రాని అవ్వలు ఆరాధన క్రమమంతా కంఠతా చెప్పేవారు, అయ్యగారు ఒక వాక్యం దాటేస్తే గుర్తుచేసేవారు కూడా. వారానికో కొత్త ఒప్పుకోలు రాసి మీ ప్రతిభ చూపించుకోవద్దు. మూడు నెలలకు ఒకటి చాలు. తెర మీద నడిపించేవారి మాట తెలుపులో, అందరూ పలికేది పసుపులో పెట్టండి, ఒక స్లైడులో నాలుగు వరుసలకు మించకుండా.

సమయం ఎక్కడి నుంచి తేవాలి అంటే, పఠనం, ఒప్పుకోలు, విజ్ఞాపనలు కలిపి ఇరవై నిమిషాలు. పాటల్లో ఒకటి తగ్గించండి, ప్రకటనలు వాట్సాప్‌కు పంపండి. సాక్ష్యాలు మాత్రం తీసేయకండి. స్వతంత్ర సంఘాల దగ్గర ఉన్న గొప్ప ఆస్తి అదే, పుస్తకం ఉన్న సంఘాలు దాన్ని పోగొట్టుకున్నాయి.

వరుస నేనైతే ఇలా పెట్టుకుంటాను: మొదటి మూడు నెలలు పఠనం ఒక్కటే, అదీ ఎవరికీ "లిటర్జీ" అని పేరు చెప్పకుండా కాదు, చెప్పే. తర్వాత విజ్ఞాపనలు. శ్రమకాలంలో ఒప్పుకోలు మొదలుపెడితే జనానికి అతుకుతుంది, ఈస్టరు తర్వాత కూడా కొనసాగించండి. బల్ల క్రమం ఆ తర్వాత. ఒక్కోదాని తర్వాత పెద్దలతో కూర్చుని, ఆపాలంటే ఆపే హక్కు వాళ్లకు ఇవ్వండి.

ముందు మీ పాస్టరు గారితో మాట్లాడండి. మీరు ఒప్పుకోలు ప్రార్థన సొంతంగా రాస్తే కింద పెట్టండి, చదివి ఎక్కడ ఊపిరి అందదో చెప్తాను. మీ దగ్గర బల్ల నెలకు ఒకసారా, ప్రతి వారమా అన్నది కూడా రాయండి, దాన్నిబట్టి క్రమం కాస్త మారుతుంది.